మన్యంలో సహకార సంఘం నడపడం – 4వ పాఠం: చింతపండు కొనే ముందు వేయాల్సిన లెక్క

గత పాఠంలో సంఘం నిబంధనావళి రాసుకున్నాం. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘంలో ప్రభుత్వ వాటా ధనం ఉండదని అప్పుడే చెప్పుకున్నాం. పెత్తనం సభ్యులదే కాబట్టి నష్టం వచ్చినా భరించాల్సింది సభ్యులే. ఈ పాఠంలో ఆ నష్టం ఎక్కడ పుడుతుందో చూద్దాం. పుస్తకం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

మాఘం దాటాక చింతపండు దిగుతుంది. తెల్లవారుజామున ఒక తల్లి నెత్తిన గంపతో కొండ దిగి సంతకు వస్తుంది. ఆమెకు ఆ పూటే ఉప్పు, నూనె, పిల్లవాడి మందులు కావాలి. షావుకారు తూకంలో కోస్తాడని, ధర తగ్గిస్తాడని ఆమెకు తెలుసు. అయినా అతని కొట్టుకే వెళ్తుంది, ఎందుకంటే డబ్బు అక్కడికక్కడే చేతిలో పెడతాడు. కొన్ని ఊళ్లలో కాయ పండకముందే చెట్టు మీద అప్పు ఇచ్చి ఉంటాడు కూడా. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. కానీ ఆ ఉదయం సంఘం దగ్గర నగదు లేకపోతే పండు షావుకారు గోదాములోకే పోతుంది. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులు కొనడంతో ఆగకుండా, డిపోల్లో నిత్యావసరాలు కూడా అమ్మడం వెనుక ఈ సంగతే ఉంది. కొనేచోటే సరుకు దొరికితే ఆ తల్లి మరో గడప తొక్కాల్సిన పని ఉండదు.

కాబట్టి మొదటి నియమం: సభ్యురాలికి తూకం అయిన వెంటనే డబ్బు ఇవ్వాలి. "అమ్మాక ఇస్తాం" అన్న సంఘానికి రెండో వారం ఎవరూ గంప తీసుకురారు. ఈ విషయంలో రాజీ పడవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. ఇక్కడి ధరలన్నీ అభ్యాసం కోసం అనుకున్నవే. మీ సంత ధరలు వేసి మళ్లీ చేసుకోండి.

పిక్కతో ఉన్న చింతపండు 100 కిలోలు, కిలో 30 రూపాయల చొప్పున కొన్నాం. 3,000 రూపాయలు అయింది. పిక్క కొట్టి, ఈనెలు తీస్తే 60 కిలోల పండు తేలిందనుకుందాం. కొత్త సంఘాలు చేసే పొరపాటు ఇక్కడే. 3,000ను 60తో భాగిస్తే కిలో 50 పడింది, మరో 5 కలిపి 55కు అమ్మితే లాభమే అనుకుంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది.

మిగతా ఖర్చు రాయండి. పిక్క కొట్టిన కూలి 400, గోనెసంచులు, రవాణా 250, తూకం వేసి పద్దు రాసే మనిషికి 150, అప్పు మీద వడ్డీ 50. మొత్తం 3,850 రూపాయలు. గోదాములో ఉన్నకొద్దీ పండు ఆరి తరుగు పోతుంది. 2 కిలోలు తగ్గిందనుకుంటే అమ్మకానికి మిగిలేది 58 కిలోలు. పిక్కలు అమ్మితే 150 వచ్చాయి, వాటిని ఖర్చులోంచి తీసేస్తే 3,700. దాన్ని 58తో భాగించండి. కిలోకు దాదాపు 64 రూపాయలు పడుతుంది. 55కు అమ్మితే 3,190 వస్తుంది. అంటే ప్రతి 100 కిలోలకూ 510 రూపాయలు పోయినట్టే.

సంఘంలో 60 మంది, ఒక్కొక్కరు 100 కిలోలు తెచ్చారనుకోండి. మొత్తం 6,000 కిలోలు. నష్టం 30,600 రూపాయలు. ఒక్కొక్కరి వాటా ధనం 500 అయితే సంఘం మూలధనమంతా కలిపి 30,000. ఒక్క సీజనులో మూలధనం తుడిచిపెట్టుకుపోయింది! ఎవరూ దొంగతనం చేయలేదు, అందరూ ఒళ్లు వంచి పనిచేశారు. అయినా ఊళ్లో "అధ్యక్షురాలు తినేసింది" అన్న మాట పుడుతుంది. ఇలాంటి నింద మోసిన మనుషులను నేను చూశాను. తరుగు, కూలి పుస్తకంలో రాసి ఉంటే ఆ నింద వచ్చేది కాదు.

రెండో లెక్క రోజులది. 6,000 కిలోలు ఎనిమిది వారాల్లో వస్తే వారానికి 750 కిలోలు. కొనుగోలుకు 22,500, ఖర్చులకు 6,375, కలిపి సుమారు 29,000 రూపాయలు. మొదటి వారం పెట్టిన డబ్బు, పిక్క కొట్టి, లారీకెక్కించి, వ్యాపారి చెల్లించేసరికి ఆరు వారాలు పడితే, అప్పటిదాకా చేతి నుంచి 1,74,000 పెట్టాలి. వాటా ధనం పోను 1,44,000 అప్పు తేవాలి. అదే నాలుగు వారాల్లో డబ్బు తిరిగివస్తే చేతి నుంచి పెట్టాల్సింది 1,16,000, అప్పు 86,000 చాలు. రెండు వారాలు తగ్గించడం అంటే 58,000 రూపాయలు సంపాదించినంత పని. కొన్న వారంలోనే పిక్క కొట్టించండి, చిన్న లోడ్లుగా పంపండి. లారీ కదలకముందే సగం సొమ్ము ఇవ్వాలని కొనేవారితో కాగితం రాయించుకోండి. ఇందులో మరో మేలు కూడా ఉంది. నిల్వ ఉన్న పండు నల్లబడుతుంది, నల్లబడిన పండుకు ఎర్రపండు ధర రాదు.

20 మంది చొప్పున 15 బృందాలు, 300 మందితో ఏర్పడే వన్‌ధన్ కేంద్రాలకూ (అటవీ ఉత్పత్తులను శుద్ధి చేసి అమ్ముకునేందుకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద పెట్టేవి) ఇదే లెక్క వర్తిస్తుంది. యంత్రం వచ్చినంత మాత్రాన తరుగు ఆగదు. కాఫీకి మాత్రం కొంత మారుతుంది. అక్కడ పండు కోసిన రోజే పల్పింగ్ చేయాలి, అంటే పై తొక్క తీయాలి, సుమారు ఆరు కిలోల పండుకు ఒక కిలో గింజ వస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీని ఉదాహరణగా తీసుకుని ఐదో పాఠంలో అది చేద్దాం.

అప్పటిలోగా మీకు ఒక పని. పిక్కతో ఉన్న పండు పది కిలోలు తూచండి. ఇంట్లోనే కొట్టించి పండు, పిక్క, చెత్త విడివిడిగా తూచి రాయండి. ఎంతసేపు పట్టిందో కూడా రాయండి. పండును గోనెలో కట్టి, పదిహేను రోజుల తర్వాత మళ్లీ తూచండి. ఆ ఐదు అంకెలను సభలో సభ్యులందరికీ చదివి వినిపించండి, చదువు రానివారి కోసం కాటా కూడా సభలోనే పెట్టండి.