నలుపు-తెలుపులో కుక్క ఫొటో: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

రంగుల్లో ముద్దొచ్చే కుక్క ఫొటో బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చగానే ఒక్కోసారి తేలిపోతుంది. వెంటనే చెయ్యి కాంట్రాస్ట్ మీదకు వెళ్తుంది, దాంతో లేని సమస్యలు కూడా వచ్చి కూర్చుంటాయి. నేను పాడుచేసుకున్న ఫొటోల్లో సగానికి పైగా, రంగులు బూడిదగా మారే ఆ ఒక్క మెట్టు దగ్గరే పాడయ్యాయి. అందుకే రంగుల ఫైలు చెరపకండి. కింద చెప్పేవాటిలో చాలావాటికి మళ్లీ దాని దగ్గరికే వెళ్లాలి.

కుక్క, వెనకున్న గడ్డి ఒకే బూడిదలో కలిసిపోయాయి

గోధుమ రంగు బొచ్చు, పచ్చగడ్డి కంటికి ఎంత వేరుగా కనిపించినా, రెండింటి వెలుతురు చాలాసార్లు దాదాపు ఒకటే. శాచురేషన్ (రంగుల గాఢత) సున్నా చేస్తే రంగుల తేడా పోతుంది, వెలుతురు తేడా ఎలాగూ లేదు. ఇక రెండూ కలిసిపోక ఏం చేస్తాయి?

శాచురేషన్ జోలికి వెళ్లకుండా, ఏ రంగు ఎంత తెల్లటి బూడిదగా మారాలో మీరే తేల్చుకునే బ్లాక్ అండ్ వైట్ మిక్సర్ వాడండి. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ యాప్‌లో 8 రంగులకు 8 స్లైడర్లు ఉంటాయి. గింప్ అనే ఉచిత యాప్‌లో ఇలాంటిదే మోనో మిక్సర్, కానీ అందులో రెడ్, గ్రీన్, బ్లూ మూడే ఉంటాయి. ఫోన్ యాప్ స్నాప్‌సీడ్‌లోనైతే బ్లాక్ అండ్ వైట్ టూల్‌లో రంగుల ఫిల్టర్లు ఉంటాయి. ఆరెంజ్ కొంచెం పెంచి, గ్రీన్ తగ్గించండి. ఎల్లోతో మాత్రం జాగ్రత్త: పచ్చగా కనిపించే గడ్డిలో ఎల్లో బాగానే ఉంటుంది, అది పెంచితే కుక్కతో పాటు గడ్డీ తెల్లబడుతుంది. దాన్ని చివర్లో ముట్టుకోండి.

ఇక్కడ నేనూ దెబ్బతిన్నాను. మా బ్రౌనీ ఫొటోలో రెడ్, ఆరెంజ్ రెండూ +60 దాకా లాగేశాను. బొచ్చు భలే మెరిసింది. కానీ వేలాడుతున్న నాలుక సున్నం పూసినట్టు పాలిపోయింది, ఎర్ర మెడపట్టీ కట్టు కట్టిన గుడ్డలా తయారైంది. ఆరెంజ్‌ను 25కి దించి, రెడ్‌ను సున్నాకి కాస్త కిందకి తెచ్చాక నాలుకకు ప్రాణం వచ్చింది. స్లైడర్‌ను చివరిదాకా లాగితే నాయిస్ (ఇసుక చల్లినట్టు గరుకు చుక్కలు) లేస్తుంది, చెవుల అంచుల్లో తెల్ల గీత కూడా వస్తుంది.

నల్ల కుక్క బొగ్గు ముద్దలా ఉంది

ముందు హిస్టోగ్రామ్ చూడండి, అంటే ఎడమన చీకటి, కుడిన వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్. ఎడమ గోడకు అతుక్కుని ఉంటే అక్కడ వివరం లేనట్టే. గోడకు కాస్త ఇవతల ఉంటే బతికించొచ్చు. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో చానల్‌కు ఉండేవి 256 మెట్లు. 14 బిట్ల రా ఫైలులో (కెమెరా పట్టినదంతా కుదించకుండా దాచే ఫైలు) 16,384. నీడల్ని పైకి లాగినప్పుడు జేపెగ్ ముక్కలుముక్కలుగా విడిపోయేది అందుకే.

షాడోస్ పెంచండి, తర్వాత బ్లాక్స్ కొంచెం దించండి. ముక్కు రంధ్రాలు, పెదవి మడత మాత్రం నిజంగా నల్లగానే ఉండాలి, లేకపోతే కుక్క మొత్తం దుమ్ము పట్టినట్టుంటుంది. ఇంకో కిటుకు: ఆరుబయట తీసిన ఫొటోలో నల్ల బొచ్చు మీది మెరుపులో ఆకాశపు నీలం ఉంటుంది. మిక్సర్‌లో బ్లూ కొద్దిగా పెంచితే వీపు, నుదుటి మీది మెరుపు మాత్రమే లేస్తుంది.

అప్పటికీ ముఖం చదునుగా ఉంటే, గింప్ లాంటి లేయర్లు (పొరలు) ఉండే యాప్‌లో ఫొటో పైన 50 శాతం బూడిద లేయర్ వేసి సాఫ్ట్ లైట్ మోడ్‌లో పెట్టండి. బ్రష్ ఫ్లో (ఒక్క గీతకు పడే రంగు మోతాదు) 5 నుంచి 10 శాతం మించకుండా, కనుబొమ్మల పైన, చెంప ఎముక మీద, చెవి అంచున తెలుపుతో దువ్వండి. దువ్వడం అని ఊరికే అనలేదు. బొచ్చు ఎటు పడుకుని ఉందో బ్రష్ అటే నడవాలి.

తెల్ల కుక్క మీద వివరమే లేదు

జేపెగ్‌లో 255కి చేరిన చోట వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. హైలైట్స్ దించితే తెల్ల మచ్చ కాస్తా బూడిద మచ్చ అవుతుంది, అంతే. రా ఫైలు ఉంటే ప్రయత్నించండి, లేకపోతే వేరే ఫొటో తీసుకోవడం మేలు.

కళ్లు గుంటల్లా ఉన్నాయి

ముదురు కళ్ల మీద నుదుటి బొచ్చు నీడ కూడా పడుతుంది. కనుపాప చుట్టూ ఉన్న రంగు భాగాన్ని మాత్రం అర స్టాప్ లోపు (ఎక్స్‌పోజర్ స్లైడర్ +0.5 లోపు) పెంచండి. పాపను నల్లగానే వదిలేయండి. కంట్లో వెలుతురు చుక్క అసలు లేకపోతే నేను గీయను, గాజు కన్నులా కనిపిస్తుంది.

ఫ్లాష్ వాడితే ఇంకో గొడవ. కుక్క కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. రంగుల్లో పచ్చగా మెరిసే ఆ కన్ను నలుపు-తెలుపులో తెల్ల బిళ్ల అయిపోతుంది. మామూలు రెడ్ ఐ టూల్ ఎరుపునే వెతుకుతుంది కాబట్టి దీన్ని పట్టుకోలేదు. లైట్‌రూమ్‌లో పెట్ ఐ అని వేరేగా ఉంది.

కన్ను మసగ్గా, ముక్కు స్పష్టంగా ఉంటే అది ఫోకస్ తప్పు. ఎడిటింగ్‌తో పోదు.

బొచ్చు అంట్లు తోమే స్టీలు పీచులా ఉంది

క్లారిటీ, టెక్స్చర్, షార్పెనింగ్ మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కించారు. మూడూ సున్నా చేసి, ఒక్క షార్పెనింగ్‌తో మొదలుపెట్టండి. లైట్‌రూమ్‌లో ఆల్ట్ కీ నొక్కి, షార్పెనింగ్‌లోని మాస్కింగ్ స్లైడర్ జరిపితే ఎక్కడెక్కడ పనిచేస్తోందో తెల్లగా కనిపిస్తుంది. కళ్లు, మూతి మీద మిగిలి, వెనకంతా నల్లబడే దాకా జరపండి.

ప్రింట్‌లో పచ్చగానో ఊదాగానో వచ్చింది

ప్రింటర్ రంగు ఇంకులు కలిపి బూడిదను తయారుచేసింది. సెట్టింగ్స్‌లో గ్రేస్కేల్ మోడ్ ఎంచుకోండి. ప్రింట్ మరీ చీకటిగా ఉంటే తప్పు చాలాసార్లు ఫొటోది కాదు, స్క్రీన్ వెలుతురు ఎక్కువ పెట్టుకుని ఎడిట్ చేసుంటారు. ముందు కన్ను, చెవి వచ్చే చిన్న ముక్క ప్రింట్ తీసి కిటికీ దగ్గర చూడండి. అది బాగుంటేనే పెద్ద కాగితం పెట్టండి.