టీవీ పాఠంతో ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు ఎలా నేర్పాలి?

మన దేశంలో ఉన్నత పాఠశాలలకు టీవీ ద్వారా పాఠాలు చెప్పడం 1961లో ఢిల్లీలో మొదలైంది. తమిళనాడులో ఇప్పుడు ఆ పనికి ప్రత్యేకంగా ఒక చానలే ఉంది. పాఠశాల విద్యాశాఖవారి ‘కల్వి’ టీవీ చెన్నై కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయ భవనం నుంచి 2019 ఆగస్టు 26న ప్రసారాలు ప్రారంభించింది. చెన్నైలో తెలుగు పిల్లలు చదివే బడులలో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులు ఇలాంటి పాఠాన్ని ఎలా వాడుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. టీవీ పెట్టి పిల్లలను కూర్చోబెడితే ఇంగ్లీషు రాదు. పాఠానికి ముందు పది నిమిషాలు, తరువాత పదిహేను నిమిషాలు టీచరు ఏం చేస్తారన్న దాని మీదే ఫలితమంతా ఆధారపడి ఉంటుంది.

పాఠాన్ని ఎంచుకోవడం

ప్రసార సమయం బడి టైంటేబుల్‌తో కలిసిరావడం అరుదు. ఈ పాఠాలు యూట్యూబ్‌లో కూడా దొరుకుతాయి కనుక ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవడం మేలు. అలా చేస్తే నెట్ ఆగిపోతుందన్న భయం ఉండదు, కావలసిన చోట పాఠాన్ని ఆపుకోవచ్చు. టీచరు దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసి, తరగతికి అవసరమైన పన్నెండు, పదిహేను నిమిషాల భాగాన్ని మాత్రమే గుర్తించుకోవాలి. అరగంట పాఠం మొత్తం చూపించాలన్న పట్టుదల అక్కర్లేదు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో పిల్లలు నోరు విప్పడానికి సమయం మిగలాలి కదా.

గదిని, ముఖ్యంగా శబ్దాన్ని, సిద్ధం చేయడం

బొమ్మ పెద్దదిగా ఉందా లేదా అని అందరూ చూస్తారు కానీ, భాషా పాఠానికి బొమ్మ కంటే ధ్వని ముఖ్యం. నేటి పలుచని టీవీలలో చాలావాటికి స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి. గదిలో ఫ్యాన్లు జోరుగా తిరుగుతుంటే, కిటికీ అవతల రోడ్డు మీద బస్సులు హారన్ కొడుతుంటే, అన్నిటికంటే ముందు దెబ్బతినేవి స్, ఫ్, ట్ వంటి సన్నని హల్లులు. ఇంగ్లీషులో ఇవే మాట చివర నిలబడి అర్థాన్ని మోస్తాయి. ‘వాక్’, ‘వాక్స్’, ‘వాక్ట్’ అనే మూడు రూపాలకూ తేడా ఆ చివరి ధ్వనిలోనే ఉంది. అది వినబడని పిల్లవాడు భూతకాలం ఎన్నిసార్లు చెప్పినా పట్టుకోలేడు, ఆ లోపాన్ని మనం అతని తెలివితక్కువతనంగా లెక్కేస్తాం. ఇది నిజంగా అన్యాయం.

అందుచేత విడి స్పీకరు ఒకటి తెచ్చి, కూర్చున్న పిల్లల తలల ఎత్తున, వారి వైపు తిప్పి పెట్టాలి. రోడ్డు వైపు కిటికీలు మూసి, మందపాటి కర్టెన్లు వేస్తే టీవీ తెర మీద పడే వెలుగుతో పాటు గదిలోని ప్రతిధ్వని కూడా కొంత తగ్గుతుంది. చెన్నై ఎండల్లో ఫ్యాన్లు పూర్తిగా ఆపడం సాధ్యం కాదు కనుక వేగం తగ్గిస్తే చాలు. ఆ తరువాత ఒక నిమిషం పాఠం నడిపి, చివరి బెంచీ పిల్లలచేత వినబడిన పది మాటలు రాయించి చూడండి. మాటల చివరి హల్లులు ఎగిరిపోయి ఉంటే స్పీకరు స్థానం మార్చాలి.

పాఠానికి ముందు

చూడబోయే భాగంలోని కొత్త మాటలు ఐదారు బోర్డు మీద రాసి, వాటి అర్థం తెలుగులోనే చెప్పాలి. చెన్నైలో మరొక చిక్కు ఉంది. కొన్ని పాఠాలలో ఇంగ్లీషు వ్యాకరణాన్ని తమిళంలో వివరిస్తారు. మన పిల్లలకు వీధిలో మాట్లాడే తమిళం బాగానే వచ్చినా, ‘సెయ్‌వినై’, ‘సెయప్పాట్టు వినై’ అనగానే అవి తమ పుస్తకంలోని కర్తరి, కర్మణి వాక్యాలేనని తట్టదు. కనుక తమిళం, తెలుగు, ఇంగ్లీషు పేర్లు మూడు వరుసలుగా రాసిన చార్టు ఒకటి తయారుచేసి గోడకు తగిలించాలి. దీనిని పిల్లలచేతనే రాయిస్తే ఇంకా మంచిది.

చివరగా ఒకే ఒక్క ప్రశ్న ఇవ్వాలి. పాఠంలోని అమ్మాయి స్టేషనుకు ఎందుకు ఆలస్యంగా వచ్చింది అన్నటువంటి, జవాబు వినడం ద్వారా మాత్రమే దొరికే ప్రశ్న అయి ఉండాలి.

పాఠం నడుస్తుండగా

మొదటిసారి ఆపకుండా చూడనివ్వాలి. టీచరు మధ్యలో మాట్లాడకూడదు, అనువాదం చేయకూడదు. తెర పక్కన నిలబడి పిల్లల ముఖాలు గమనిస్తే ఎక్కడ అర్థం కాలేదో తెలిసిపోతుంది. రెండోసారి ఆ చోట్ల ఆపి అడగాలి.

పాఠం తరువాత

అసలు నేర్చుకోవడం ఇక్కడ జరుగుతుంది. టీవీలో విన్న వాక్యాలలో నాలుగైదింటిని, వక్త ఏ మాటను ఒత్తి పలికారో ఆ ఒత్తుతో సహా, ముందు తరగతంతా కలిసి, తరువాత జంటలుగా పలకాలి. తెలుగువారి నోటికి కష్టమైన చోట్ల ఎక్కువసేపు ఆగాలి. మాట మొదటి ఇ, ఎ లకు ముందు మనకు తెలియకుండానే యకారం వచ్చి చేరుతుంది కనుక, చెవికీ సంవత్సరానికీ ఇంగ్లీషులో ఉన్న రెండు మాటలను ఒకే విధంగా పలుకుతాం. బస్సు, పెన్ను అన్నట్లు హల్లుతో ముగిసే మాటకు ఉకారం తగిలిస్తాం. వీటిని పది మందిలో ఎత్తిచూపి పిల్లలను చిన్నబుచ్చవద్దు. పాఠంలోని ఆ మాటను మళ్లీ వినిపించి, వారి ఉచ్చారణను ఫోనులో రికార్డు చేసి, రెండూ పక్కపక్కన వినిపిస్తే తేడాను వారే కనిపెడతారు.

ఆ మర్నాడు పుస్తకం మూసి, పాఠంలోని సంభాషణను సొంత మాటల్లో నడపమనాలి. తండియారుపేట నుంచి సెంట్రల్ స్టేషనుకు ఏ బస్సు ఎక్కాలో అడగడం వంటి, పిల్లలకు నిత్యం ఎదురయ్యే సందర్భానికి దానిని మార్చుకోవచ్చు. వ్యాకరణ దోషాలను మధ్యలో దిద్దకుండా కాగితం మీద గుర్తు పెట్టుకుని, చివరి ఐదు నిమిషాల్లో పేర్లు చెప్పకుండా సరిచేయాలి. బడికి రాని పిల్లలకు ఆ పాఠం యూట్యూబ్ లింకుతో పాటు, ముందు ఇచ్చిన ప్రశ్నను కూడా తప్పకుండా పంపాలి.