ఇంగ్లీషు మాటల పాఠాలు – 7: షాబీ వేరు, మురికి వేరు

పోయిన పాఠంలో షాబీ అంటే 'మాసి, పాతబడిన' అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లాను. అది చాలలేదు. మీరు రాసిన వాక్యాల్లో చాలావరకు 'మాసి' అన్న మాటనే పట్టుకున్నాయి. బురద కాళ్లు షాబీ, ఎంగిలి కంచం షాబీ, బొమ్మలు చిందరవందరగా పడి ఉన్న గది షాబీ. ఇవేవీ షాబీ కావు. అందుకని ఈసారి కొత్త మాట జోలికి వెళ్లడం లేదు.

మురికి ఉతికితే పోతుంది. షాబీ అయిన గుడ్డను ఉతికేకొద్దీ ఇంకా షాబీ అవుతుంది.

మా లెక్కల మాస్టారు రోజూ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో వచ్చేవారు. మరక అన్నది ఉండేది కాదు. నా పలక మీదికి వంగి లెక్క దిద్దుతున్నప్పుడు కాలరు దగ్గరగా కనిపించేది: మడత అరిగి, పోగులు లేచి, లోపలి గట్టి గుడ్డ తొంగిచూస్తూ. గుండీల్లో ఒకటి మిగతావాటికంటే తెల్లన. ఆ చొక్కా శుభ్రమైనదే, షాబీ కూడా. నిన్న కొన్న చొక్కా మీద సాంబారు ఒలికితే అది డర్టీ. చిందరవందర గది మెస్సీ. వాడి వాడి అరగాలి, లేదా పట్టించుకునేవారు లేక వన్నె తగ్గాలి; అప్పుడే షాబీ. పీచు బయటపడ్డ సోఫా, అంచులు నలిగిన సూట్‌కేసు, పెచ్చులూడిన లాడ్జి గోడ.

పుండు మీద కట్టే పక్కును ఇంగ్లీషులో స్కాబ్ అంటారు. షాబీ ఆ కుటుంబంలోదే, 17వ శతాబ్దం నుంచి వాడుకలో ఉంది. పెచ్చులు లేచిన చర్మాన్ని తలచుకుంటే మాట మరిచిపోరు.

ప్రవర్తనకూ ఇదే మాట. ముప్పై ఏళ్లు పనిచేసిన గుమాస్తాను ఒక్క ముక్క చెప్పకుండా తీసేస్తే అది షాబీ ట్రీట్‌మెంట్. 'నాట్ టూ షాబీ' అంటే మాత్రం మెచ్చుకోలు, 'ఫరవాలేదే, బాగుంది' అన్నట్టు. స్నేహితుల మధ్య సరే, దరఖాస్తుల్లో వద్దు.

నాకు ఇష్టమైనది షాబీ జెంటీల్. జెంటీల్ అంటే మర్యాదస్తుల తీరు. మనం బతికిచెడ్డవాళ్లు అంటామే, దానికి దగ్గర. అయితే ఇందులో ఇస్త్రీ మడత కూడా కనిపించాలి.

అభ్యాసం: ఇంట్లో ఉతికి ఆరేసిన పాత గుడ్డ ఒకటి ముందు పెట్టుకోండి. ఎక్కడెక్కడ ఎలా అరిగిందో తెలుగులో పది వాక్యాలు రాయండి, 'మురికి', 'మాసిన' అన్న మాటలు రాకుండా. అవి పూర్తయ్యాకే షాబీతో ఒక ఇంగ్లీషు వాక్యం.