హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి కంప్యూటర్‌లో తీసేశారా? అది బ్యాకప్ కాదు

2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజియోన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కు మంటలు అంటుకున్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే ఆన్‌లైన్ స్టోరేజ్ కాలిపోయింది. 858 టెరాబైట్ల డేటా. పరిమాణం మరీ పెద్దది కావడంతో బయట ఎక్కడా కాపీ పెట్టలేదని అధికారులే చెప్పారు.

యాంటీవైరస్ వేసుకోండి, పని మధ్యలో సేవ్ చేస్తుండండి లాంటివి అందరికీ తెలుసు. వాటి జోలికి పోను. చాలామంది కొంప ముంచిన తప్పు వేరే ఉంది.

కంప్యూటర్‌లో చోటు నిండిపోతుంది. ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కిస్తారు. అక్కడ కనబడగానే ఇక్కడ డిలీట్ చేస్తారు. అడిగితే "మాకు బ్యాకప్ ఉంది" అంటారు. లేదండీ. నిన్న ఒకచోట ఉన్న ఒకే ఒక్క కాపీ ఇవాళ ఇంకోచోటికి మారింది, అంతే. పైగా ఈ కొత్త చోటు చేయి తగిలితే టేబుల్ మీంచి కింద పడుతుంది. పిల్లల చిన్నప్పటి ఫొటోలు, ఇప్పుడు లేని పెద్దవాళ్ల గొంతు ఉన్న వీడియోలు ఇలాగే పోగొట్టుకుని ఏడ్చినవాళ్లను చూశాను.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇంటికి బాగా సరిపోతుంది. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి ఇంటి బయట. కంప్యూటర్‌లో ఒకటి, డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి అనుకోండి.

క్లౌడ్ ఉందని ధీమా పడేవాళ్లకూ ఒక మాట. సింక్ (కంప్యూటర్‌లోనూ క్లౌడ్‌లోనూ ఫైళ్లను ఒకేలా ఉంచే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఇక్కడ తీసేసింది అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. ఫైలు పోయిన సంగతి మనం రెండు నెలల తర్వాత గమనిస్తే?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు చాలామంది సిస్టమ్ మారుస్తున్నారు, ఫార్మాట్ కొట్టిస్తున్నారు. ఆ పనికి ముందు ఇవి చూసుకోండి.

- డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మరిచిపోకండి. డెస్క్‌టాప్ మీద ఉన్నది షార్ట్‌కట్ అయితే దాన్ని కాపీ చేసినా అసలు ఫైలు రాదు.
- కాపీ చేసినవి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. పేరు కనబడితే చాలదు, ఫైలు తెరుచుకోవాలి.
- విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేకపోతే డిస్క్ బాగానే ఉన్నా లోపలి ఫైళ్లు అందవు.
- పెద్ద అప్‌డేట్‌కి ముందు కూడా కాపీ తీయండి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని నిలిపేయాల్సి వచ్చింది.
- కాపీ అయ్యాక డిస్క్ ఊడదీసి పెట్టండి. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న డిస్క్‌నీ లాక్ చేస్తుంది.
- షిఫ్ట్ డిలీట్ వాడొద్దు. అలా తీసేసింది రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు.
- చోటు కోసం ఫొటోలు తరలిస్తున్నారా? ముందు రెండో డిస్క్ కొనండి. అప్పటిదాకా ఇక్కడివి తీసేయొద్దు. తీసేస్తే మళ్లీ ఒక్క కాపీయే.
- పొరపాటున ఏదైనా డిలీట్ అయితే ఆ డిస్క్ మీద ఏ పనీ చేయొద్దు. రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఇన్‌స్టాల్ చేయొద్దు. కొత్తగా రాసింది పాతదాని మీద పడుతుంది. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్క్) అయితే తిరిగి దొరికే ఆశ ఇంకా తక్కువ.
- హార్డ్‌డిస్క్ టకటకమంటుంటే వెంటనే ఆపేయండి. "ఇంకొక్కసారి చూద్దాం" అని మళ్లీ తగిలించొద్దు. అలాగే తీసుకెళ్లి డేటా రికవరీ తెలిసినవాళ్లకు ఇవ్వండి.