వైద్యవృత్తి నుంచి జీవిత బీమా, ఆస్తి ప్రణాళిక వైపు: ఒడిశా సరిహద్దు జిల్లాల వైద్యులకు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో ఏళ్ల తరబడి ప్రాక్టీసు చేసిన తెలుగు వైద్యులు ఈ రంగంలోకి రాదలిస్తే, ముందు కొంతకాలం ఏదైనా బీమా సంస్థ ప్యానెల్లో వైద్య పరీక్షకులుగా పనిచేయడం మంచిది. ఆ తరువాత ఒక జీవిత బీమా సంస్థ ద్వారా దరఖాస్తు చేసుకుని, ఐసీ-38 అనే ఏజెంట్ల అర్హత పరీక్షలో ఉత్తీర్ణులైతే ఏజెంటుగా నియమిస్తారు. వ్యక్తిగత ఏజెంటు ఒకే జీవిత బీమా సంస్థ తరఫున పనిచేయాలి కనుక సంస్థను తొందరపడి ఎంచుకోవద్దు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు దాన్ని వదిలిన తరువాతే ఈ పని మొదలుపెట్టాలి.

ప్రాక్టీసు సాగుతున్నంత కాలం మీ రోగులకు పాలసీ అమ్మవద్దని గట్టిగా చెబుతాను. మందుచీటీ కోసం వచ్చిన మనిషి వైద్యుడి మాటను కాదనలేడు. కమిషన్‌లో కొంత తిరిగి ఇమ్మని అడిగేవారూ ఉంటారు. 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ దాన్ని నిషేధించింది, జరిమానా 10 లక్షల రూపాయల వరకు ఉండవచ్చు.

వైద్యుడి చదువు నిజంగా అక్కరకు వచ్చేది ప్రతిపాదన పత్రం, అంటే పాలసీ కోరుతూ ఇచ్చే దరఖాస్తు, నింపేటప్పుడే. షుగరు ఉందా అని అడిగితే లేదనే మనిషిని, రోజూ వేసుకునే మాత్రల అట్టలు తెమ్మంటే, వాటిలో షుగరు మందు మెట్‌ఫార్మిన్ కనబడుతుంది. దాన్ని పత్రంలో రాస్తే ప్రీమియం పెరగవచ్చు. రాయకపోతే, పాలసీ మొదలైన 3 సంవత్సరాల లోపు మరణం సంభవించినప్పుడు, అదే బీమా చట్టం 45వ సెక్షన్ కింద సంస్థ ఆ పాలసీని ప్రశ్నించగలదు. అప్పుడు కష్టపడేది భార్యాబిడ్డలే. కాబట్టి ప్రతి జవాబునూ చదివి వినిపించి, అర్థమైందని తెలుసుకున్నాకే సంతకం చేయించండి.

అప్పులు తెచ్చి వ్యాపారం చేసే గృహస్థుకు, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరిట పాలసీ తీసుకునే వీలుందని తప్పక చెప్పండి. సాధారణంగా ఆ సొమ్ము అప్పులవాళ్ల చేతికి పోదు. అయితే పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఏర్పాటు చేసుకోవాలి.

ఆస్తి ప్రణాళికలో, అంటే తమ తరువాత ఆస్తి ఎవరికి చెందాలో ముందే ఏర్పాటు చేయించడంలో, ఇక్కడి చిక్కు భూముల దగ్గర వస్తుంది. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఒకే కుటుంబానికి ఇచ్ఛాపురం వైపు కొంత, బరంపురం వైపు కొంత పొలం ఉండటం, పాత దస్తావేజులు తెలుగులోనూ కొత్త పట్టాలు ఒడియాలోనూ ఉండటం మామూలే. రెండు రాష్ట్రాల రికార్డులనూ తెప్పించి, ఎవరి పేరిట ఏముందో ఒక పట్టికగా రాయించడంతో పని మొదలుపెట్టండి. రాయగడ, కోరాపుట్ జిల్లాలు షెడ్యూల్డు ప్రాంతాలు, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించినవి. అక్కడి గిరిజనుల భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడాన్ని ఒడిశాలోని 1956 నాటి 2వ రెగ్యులేషన్ అడ్డుకుంటుంది. గిరిజన కుటుంబాలకు హిందూ వారసత్వ చట్టం మామూలుగా వర్తించదు కనుక, మిగతావారికి చెప్పినట్టే వారికీ వాటాలు లెక్కగట్టి చెప్పకూడదు.

వీలునామాకు స్టాంపు కాగితం అవసరం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు మాత్రం ఉండాలి. అయినా రిజిస్టరు చేయించడమే మేలు. ముసాయిదాను న్యాయవాదికే వదిలిపెట్టండి. వీలునామా రాసే వ్యక్తి మానసికంగా స్వస్థుడని ధ్రువపత్రం కావాల్సి వస్తే, ఆయనకు పాలసీ చేయించిన మీరు ఇవ్వకుండా, ఆ కుటుంబంతో లావాదేవీలు లేని మరో వైద్యుడి దగ్గరకు పంపండి.