చేలో దొరికిన పాత నాణెం: పాడు చేయకుండా శుభ్రం చేసేదెలా?

తొలకరి పడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం తిరిగేవాళ్లకు ఒక్కోసారి వజ్రానికి బదులు రాగి నాణెం కనిపిస్తుంది. ఈ మధ్య చిన్న మెటల్ డిటెక్టర్లు కూడా ఊళ్లలోకి వచ్చాయి. నాణెం దొరికితే సంతోషమే. కానీ దొరికిన రాత్రే దాన్ని ఇత్తడి చెంబులా చింతపండు పెట్టి తోమేస్తున్నారు. అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పోయినేడు గుత్తి వైపు నుంచి ఒకాయన వచ్చి, "అన్నా, ఎట్ల మెరుస్తాందో చూడు" అని నాణెం నా చేతిలో పెట్టాడు. మెరుస్తున్న మాట నిజమే. కానీ మోకాలు మీద కూర్చున్న గరుడుడు ఉండాల్సిన చోట చిన్న బొడిపె మిగిలింది. వెనక మూడు వరుసల నాగరి అక్షరాల్లో ఒకటి కూడా పూర్తిగా లేదు. అది కృష్ణదేవరాయల రాగి నాణెం. అయిదొందల ఏళ్లు మట్టి కాపాడిన బొమ్మ అరగంటలో పోయింది.

ముందు చట్టం సంగతి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. అలా అప్పగించే నాణేన్ని కడగనే వద్దు, మట్టితోనే ఇవ్వండి. కుండలో గుత్తగా కనిపిస్తే తవ్వడం ఆపి తహసీల్దార్‌కు చెప్పండి. గండికోట, గుత్తి కోట లాంటి రక్షిత కట్టడాల దగ్గరికి డిటెక్టర్ తీసుకెళ్లొద్దు. నేను కింద చెప్పేదంతా తాతల పెట్టెలో ఉన్న నాణేలకూ, అధికారులు చూసి మీకు తిరిగి ఇచ్చిన వాటికీ.

కావాల్సినవి కొన్నే: గాజు గిన్నె, మెత్తబడిన పాత టూత్‌బ్రష్, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే అద్దం, నగల షాపులో ఉండే లాంటి చిన్న త్రాసు, డిస్టిల్డ్ వాటర్, నాలుగు నల్లతుమ్మ ముళ్లు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది. అక్కడే యాసిడ్ కూడా అమ్ముతారు కాబట్టి డబ్బా మీద చదివి కొనండి. బోరు నీళ్లు వద్దే వద్దు. మన సీమ బోర్లలో ఉండే ఉప్పే రాగికి శత్రువు.

కడగక ముందే గుర్తుపట్టండి

రెండు వైపులా ఫోటో తీసి, తూకం వేసి రాసుకోండి. ఏ లోహమో తెలియకుండా నీళ్లలో కూడా వేయొద్దు. బూడిద రంగులో, చిన్నదైనా బరువుగా, కాగితం మీద గీస్తే పెన్సిల్‌లా గీత పడితే అది సీసం. సీసం నాణెమైతే ఇక్కడితో ఆగిపోండి. చేతులు సబ్బుతో కడుక్కుని, దాన్ని మ్యూజియం వాళ్లకు చూపించండి.

మన వైపు ఎక్కువ మందిని తికమక పెట్టేది ఏనుగు. "ఏనుగుంది, ఎవరిది?" అని అడిగితే జవాబు ముగ్గురిలో ఎవరైనా కావచ్చు. ఏనుగు తొండం ఎత్తి, వెనక వైపు నాలుగు వలయాలను కలిపే కూడిక గుర్తు ఉంటే శాతవాహనులది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో తుంగభద్ర ఒడ్డున శాతానికోటలో బయటపడ్డది వాళ్ల కాలపు కోటే. ఏనుగు ఉన్న నాణెం వెనక వైపు నాగరిలోనో కన్నడంలోనో దేవరాయల పేరు ఉంటే విజయనగర రాజులది. నాణెం పెద్దగా, మందంగా, 11 గ్రాముల దగ్గర తూగి, వెనక పారశీక లిపి ఉంటే టిప్పు సుల్తాన్ పైసా. టిప్పు గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి అక్కడే నాణేలు కొట్టించాడు. మొదటి ఏనుగుకూ చివరి ఏనుగుకూ మధ్య దాదాపు పదహారు వందల ఏళ్లు! అందుకే నేను ముందు వెనక్కి తిప్పి చూస్తాను, బొమ్మ తర్వాత.

ఏనుగు కాకుండా వరాహం, పక్కన కత్తి, సూర్యుడు ఉంటే 1565 తర్వాత పెనుకొండ నుంచి ఏలిన తిరుమలరాయలది. సింహం, 1803 లేదా 1808 అంకెలు ఉంటే ఈస్టిండియా కంపెనీ కాసులు.

నానబెట్టడం

గాజు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి నాణెం వేయండి. రోజూ నీళ్లు మార్చండి. వారం తర్వాత బ్రష్‌తో మెల్లగా రుద్దితే ఎర్రమట్టి చాలావరకు ఊడిపోతుంది. రేగడి నేలలో దొరికిన దానికి తెల్లటి సున్నపు పెచ్చు ఉంటుంది. దానికి నెల పట్టినా పట్టొచ్చు, ఓపిక పట్టండి.

ముల్లు పని

పాడయ్యేవన్నీ ఇక్కడే పాడవుతాయి.

రాగి నాణెం భూమిలో ఉన్నన్నాళ్లూ దాని పైపొర చిలుముగా మారుతూ వస్తుంది. పచ్చగానో, గోధుమ రంగులోనో, నల్లగానో కనిపించే ఆ పొరను మనం మురికి అనుకుంటాం. అసలు అక్షరాలు, గరుడుడి ముక్కు, ఏనుగు తొండం మిగిలింది ఆ పొరలోనే. కింద ఉన్న రాగి గుంటలు పడి వికారంగా ఉంటుంది. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, ఇత్తడి తోమే పొడి, ఇవన్నీ చేసేది ఒకటే: ఆ పొరను కరిగించడం. అంటే బొమ్మను కరిగించడం. మొబైల్ ఛార్జర్ తీగలు ఉప్పు నీళ్లలో పెట్టి చేసే పద్ధతి వీడియోల్లో చూసి మరీ అడుగుతున్నారు. అది కూడా చిలుమును పూర్తిగా ఒలిచేస్తుంది. ఆలివ్ నూనెలో నెలల తరబడి నానబెట్టేవాళ్లూ ఉన్నారు. నూనెలోనూ ఆమ్లం ఉంటుంది, నిదానంగా తినేస్తుంది. నీళ్లూ ముల్లూ తప్ప నేను దేన్నీ ఒప్పుకోను.

ముల్లే ఎందుకంటే, సూది రాగి కంటే గట్టిది, చెయ్యి జారితే గీత శాశ్వతం. తుమ్మ ముల్లు మట్టిని తీస్తుంది, చిలుము మీద తానే అరిగిపోతుంది. పచ్చి ముల్లు వంగుతుంది కాబట్టి రెండు రోజులు ఎండనివ్వండి.

ఉదయం పూట కిటికీ పక్కన కూర్చోండి. వెలుతురు పైనుంచి కాదు, పక్కనుంచి పడాలి. అప్పుడే అక్షరం నీడ కనిపిస్తుంది. రాత్రి ట్యూబులైటు కింద ఈ పని చేయొద్దు. నాణెం మీద ఒక నీటి చుక్క వేసి, అద్దంలో చూస్తూ, బొమ్మ లేని అంచు దగ్గర మొదలుపెట్టండి. ముల్లును నిటారుగా గుచ్చొద్దు. బాగా ఏటవాలుగా పట్టుకుని, మట్టి పెచ్చు కిందికి నెట్టి పైకి లేపండి.

ఎక్కడ ఆపాలో చెప్పేది ముల్లే. మట్టి గరగరలాడుతూ పొడిగా రాలుతుంది. చిలుము తగిలితే ముల్లు సర్రున జారుతుంది, కింద నున్నగా, కాస్త నిగారింపుతో కనిపిస్తుంది. జారిన చోట ఇంక తాకొద్దు. గులాబీ రంగు లోహం చుక్కంత కనిపించినా మీరు హద్దు దాటినట్టే, ఆ రోజుకు నాణేన్ని నీళ్లలో వేసేయండి. ఒక్కో పూట పావుగంట మించి చేయొద్దు, ఎందుకంటే అక్షరాలు బయటపడుతున్న కొద్దీ ఆత్రం పెరుగుతుంది, చెయ్యి బరువెక్కుతుంది. 'శ్రీ' కనిపించగానే మిగతా పేరు కోసం గబగబా గీకి, ఆ 'శ్రీ'ని కూడా పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అక్షరాల సందుల్లో మట్టి కొంచెం మిగలనివ్వండి. ఆ ఎరుపు మీదే అక్షరం బాగా చదవొస్తుంది.

ఆరబెట్టి దాచడం

కాటన్ గుడ్డతో అద్ది, రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. తర్వాత పక్కన తడి దూది పెట్టి (దూది నాణేనికి తగలకుండా) మూత డబ్బాలో ఒకరోజు ఉంచి చూడండి. లేత పచ్చ పొడి లేస్తే లోపల ఉప్పు మిగిలినట్టు. దాన్ని వేరు చేసి మళ్లీ కొన్ని వారాలు నీళ్లు మార్చండి. అప్పటికీ ఆగకపోతే కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం లాంటి చోట సలహా అడగండి.

పొడి రాకపోతే కాగితం కవరులో వేసి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లంతో స్టీలు డబ్బాలో పెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లు కొనొద్దు, వాటి నుంచి వచ్చే జిడ్డు నాణేన్ని తినేస్తుంది. కవరు మీద ఏ ఊరు, ఏ చేను, ఎంత లోతు, ఏ తారీఖు, ఎన్ని గ్రాములు అన్నది రాయండి. నాణెం లోపల పెట్టక ముందే రాయండి, అదీ పెన్సిల్‌తోనే.