ఐర్లండ్‌లో ఇంటికి జెండా కట్టాలనుకునే మనవాళ్లకి

సిటిజన్‌షిప్ సెరిమనీకి కిల్లార్నీ వెళ్లొచ్చి, ఫొటోలు పెట్టి, లైకుల హడావిడి అయ్యాక మనవాళ్లు నాకు పంపే మెసేజ్ దాదాపు ఒకటే. "అక్కా, ఇంటికి ఐరిష్ జెండా కట్టొచ్చా? ఎవరైనా ఏమైనా అంటారా?" డబ్లిన్ శివారు లూకన్‌లో ఏళ్లుగా ఉంటున్నాను, ఇక్కడి ప్రైమరీ స్కూల్లో ఎస్.ఎన్.ఏ.గా, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సహాయకురాలిగా, చేస్తున్నాను కాబట్టి నాకన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా.

కట్టొచ్చు. చట్టం గురించి భయపడక్కర్లేదు. మనం 1971 చట్టం, 2002 ఫ్లాగ్ కోడ్ అంటూ వింటూ పెరిగినవాళ్లం. జెండా అంటే తప్పు చేస్తే కేసు అన్న బెదురు మనకి ఒంట్లోనే ఉంటుంది. ఇక్కడ 1937 రాజ్యాంగంలో ఏడో ఆర్టికల్ చెప్పేది ఒక్క వాక్యం: జాతీయ జెండా ఆకుపచ్చ, తెలుపు, నారింజ రంగుల త్రివర్ణం అని. మిగతాదంతా ప్రధానమంత్రి ఆఫీసు, అంటే టీషక్ గారి శాఖ, వేసిన మార్గదర్శకాల పుస్తకంలో ఉంది. పాటించకపోతే జైలు లేదు, జరిమానా లేదు. మర్యాదగా పాటించమని అడుగుతారంతే.

చిక్కంతా చూసేవాళ్ల కళ్లలో ఉంది. అందుకే నిచ్చెన ఎక్కే ముందు ఒక పని చేయండి.

ముందు వీధి చూసి రండి

ఏ సెలవూ, ఏ మ్యాచూ లేని మామూలు రోజున మీ ఎస్టేట్ అంతా, అంటే మీ ఇళ్ల కాలనీ అంతా, ఒక చుట్టు నడవండి. ఇళ్ల మీద త్రివర్ణం కనపడితే గొప్పే. జులైలో నడిస్తే జెండాలు చాలానే ఉంటాయి గానీ అవి గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ పోటీలకి కట్టే కౌంటీ జెండాలు, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. డబ్లిన్‌ది లేత నీలం, ముదురు నీలం. కెర్రీ నుంచి వచ్చిన కుటుంబమైతే ఆకుపచ్చ, బంగారు రంగు. మేయో వాళ్లయితే ఆకుపచ్చ, ఎరుపు. వాటి మీద ఎవరికీ ఏ అనుమానమూ రాదు. పుట్టిన కౌంటీ మీద అభిమానం ఇక్కడ ఎంత గట్టిగా అరిచి చెప్పినా తప్పు లేదు. దేశం మీద అభిమానం మాత్రం గొంతు తగ్గించి చెబుతారు.

ఎందుకలా అని మా పక్కింటి పెద్దాయన్ని అడిగాను. ఆయన కావన్ కౌంటీ మనిషి, ఉత్తర ఐర్లండ్ సరిహద్దుకి కూతవేటు దూరంలో పుట్టాడు. పేరు పెట్టి పిలవమంటాడు, డెబ్బై దాటిన మనిషిని అలా పిలవాలంటే నాకేమో నోరు రాదు. "నేను నీ వయసులో ఉన్నప్పుడు నువ్వు అక్కడ ఉండుంటే, ఒక ఇంటి మీద జెండా కనిపించగానే ఆ ఇంటివాళ్లు ఎవరి తరఫో లెక్క వేసుకునేదానివి" అన్నాడు. అంతకన్నా వివరంగా చెప్పలేదు. మిగతాది నేను తెలుసుకున్నదే.

ఈ జెండా పుట్టిందే సయోధ్య కోసం. 1848 మార్చిలో వాటర్‌ఫర్డ్‌లో థామస్ ఫ్రాన్సిస్ మార్ అనే యువకుడు దీన్ని మొదటిసారి ఎగరేశాడు. ఆకుపచ్చ పక్షానికీ నారింజ పక్షానికీ, అంటే స్థూలంగా కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ, మధ్య శాశ్వతమైన సంధికి గుర్తుగా తెలుపు అని ఆయనే చెప్పాడు. 1916 ఈస్టర్ తిరుగుబాటులో డబ్లిన్ పెద్ద పోస్టాఫీసు మీద ఎగిరాక అది దేశం జెండా అయింది. కానీ ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్‌తో ఉండిపోయాయి. అక్కడ గొడవకి దారితీస్తుందనుకుంటే జెండాని తీసేయించే అధికారం 1954 చట్టం పోలీసులకిచ్చింది. 1964లో బెల్‌ఫాస్ట్ డివిస్ స్ట్రీట్‌లో ఎన్నికల ఆఫీసు కిటికీలోంచి ఒక జెండా తీయడానికి పోలీసులు వెళ్తే రోజుల తరబడి అల్లర్లయ్యాయి. ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో, బ్రిటన్ మీద ఆయుధాలు పట్టిన ఐ.ఆర్.ఏ. వాళ్ల శవపేటికల మీద ఇదే జెండా కనిపించేసరికి దక్షిణాన చాలామంది మామూలు జనం దానికి కాస్త ఎడంగా జరిగారు. ఇంటికి కడితే ఆ తుపాకుల వాళ్లని మెచ్చుకున్నట్టవుతుందేమోనని.

మళ్లీ దాన్ని వీధిలోకి తెచ్చింది 1990 ఫుట్‌బాల్ ప్రపంచకప్. మొదటిసారి ఆడుతూనే క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్లారు, ఇటలీ చేతిలో ఓడారు, ఊళ్లన్నీ జెండాలే. ఆ జట్టుకి మేనేజర్ జాక్ చార్ల్‌టన్, ఇంగ్లీషాయన. ఇది చెప్పేటప్పుడు మా పెద్దాయన నవ్వాపుకోలేడు.

దీపస్తంభాల జెండాలు

ఇంకో సంగతి దాచుకోకుండా చెప్పుకోవాలి. వలసలకి వ్యతిరేకంగా డబ్లిన్‌లో జరిగే ఊరేగింపుల్లో చేతుల్లో ఉండేది ఈ త్రివర్ణమే. 2025లో డబ్లిన్ శివార్లలో దీపస్తంభాలకి వరసగా జెండాలు వెలిశాయి. అదే వేసవి, జులైలో టాలాలో మన దేశం మనిషిని కొట్టారు, తర్వాత ఇంకొన్ని దాడులు జరిగాయి, ఎంబసీ జాగ్రత్తలు చెప్పింది, ఫీనిక్స్ పార్కులో జరగాల్సిన ఇండియా డే వాయిదా పడింది. అప్పటినుంచి జెండా కనిపిస్తే అవతలి ఫుట్‌పాత్ ఎక్కే మనవాళ్లు నాకు తెలుసు. వాళ్లని తప్పుపట్టను.

కానీ ప్రతి జెండా ఒకటే మాట చెప్పదు. నేను చూసేవి ఇవి. ఇంటికి కట్టారా, స్తంభానికి కట్టారా. ఇంటికైతే ఆ మనిషి తన గుమ్మం ముందు నిలబడి చెబుతున్న మాట. స్తంభానికి ప్లాస్టిక్ టై వేసి, రాత్రికి రాత్రి ఒక వీధి మొత్తం కట్టి, ఆ తర్వాత చిరిగి పీలికలైనా దించనివాళ్లకి జెండాతో పని లేదు, వీధి మాది అని చెప్పడంతోనే పని. మార్చిలోనా, మ్యాచ్ వారంలోనా, ఏ సందర్భమూ లేకుండానా అన్నది కూడా చూడండి. స్తంభానికి కట్టినవాళ్లందరూ మనల్ని ద్వేషించేవాళ్లే అని కూడా అనలేం, మ్యాచ్ ముందు కట్టి దించడం బద్ధకించినవాళ్లూ ఉంటారు. మీరు మాత్రం వాటిని పీకకండి, ఎవరితోనూ వాదం పెట్టుకోకండి. అది కౌన్సిల్ చూసుకోవాల్సిన పని. ఎవరైనా బెదిరిస్తే 999 లేదా 112 కొట్టండి, గార్డా, అంటే ఇక్కడి పోలీసులు, వస్తారు.

ఇవన్నీ తెలిసే నేను జెండా కడతాను. ఆ స్తంభాల వాళ్ల పుణ్యమా అని నా పిల్లలు తమ సొంత దేశం జెండా చూసి బెదరడం నాకు నచ్చదు. మీకు అలా అనిపించకపోతే కట్టకండి, కట్టకపోవడం ఇక్కడ తప్పు కాదు. వీధిలో ఎక్కువమంది కట్టరు కూడా.

కొనడం, బిగించడం

అంగళ్లలో ఎక్కువగా దొరికేది 5 అడుగులు బై 3 అడుగులు. అసలు కొలత 1:2, అంటే 3 అడుగుల ఎత్తుకి 6 అడుగుల పొడవు ఉండాలి. ఆన్‌లైన్‌లో వెతికితే దొరుకుతుంది. రంగు చూసి కొనండి, చవక రకాల్లో నారింజ బదులు పసుపు వేసేస్తారు. అది ఇక్కడ చిన్న విషయం కాదు, నారింజ ఒక జనానికి గుర్తు. మూడు పట్టీలు విడివిడిగా కుట్టినది ప్రింటు దానికన్నా ఎక్కువ కాలం వస్తుంది. పబ్బుల్లో బీరు కంపెనీ పేరు వేసి పంచేవి ఇంటికి పనికిరావు. జెండా మీద రాతలు, లోగోలు ఉండకూడదన్నది మార్గదర్శకాల్లో ఉంది. ఈ నియమాన్ని అందరికన్నా హుషారుగా తప్పేది ఐరిష్ వాళ్లే. 2012 యూరో కప్‌కి పోలండ్ వెళ్లిన అభిమానులు జెండా మీద "మనం పనిలో ఉన్నామని ఏంజెలా మెర్కెల్ అనుకుంటోంది" అని రాసుకెళ్లారు, దేశమంతా నవ్వుకుంది. అదే పని మీరూ నేనూ చేస్తే ఆ నవ్వు వస్తుందో లేదో నేను హామీ ఇవ్వను.

ఆకుపచ్చ ఎప్పుడూ కర్ర వైపు ఉండాలి. తిరగేసి కడితే ఐవరీ కోస్ట్ జెండా అవుతుంది. గోడకి అడ్డంగా పరిస్తే చూసేవాళ్లకి ఎడమ పక్క ఆకుపచ్చ. నిలువుగా వేలాడదీస్తే ఆకుపచ్చ పైన. ఇక్కడే మన చెయ్యి మనల్ని మోసం చేస్తుంది: కాషాయం పైన ఉండటం అలవాటు కాబట్టి నారింజని పైకి పెట్టేస్తాం. కిటికీకి లోపల్నుంచి కట్టేవాళ్లు గదిలో నిలబడి సరిచూసుకోకండి. బయటికెళ్లి రోడ్డు మీంచి చూడండి, మీకు లోపల కుడి పక్క ఉన్నది వాళ్లకి ఎడమ పక్క.

అద్దె ఇల్లయితే గోడకి రంధ్రం వేసే ముందు ఓనరుకి ఈమెయిల్ పెట్టి ఒప్పుకోలు తీసుకోండి. అపార్ట్‌మెంటయితే మేనేజ్‌మెంట్ కంపెనీ రూల్స్ చదవండి, బాల్కనీకి ఏమీ కట్టకూడదని చాలా చోట్ల ఉంటుంది. ఏటవాలుగా ఉండే బ్రాకెట్ తలుపు పక్కన బిగిస్తే సరిపోతుంది. బయట ఇన్సులేషన్ అతికించిన ఇళ్లలో మామూలు స్క్రూ పట్టదు, ఆ పొర దాటి ఇటుకలోకి దిగేంత పొడవు కావాలి. మా ఇంటికి డ్రిల్లు పట్టుకొచ్చి బిగించిపెట్టింది కావన్ పెద్దాయనే. తన ఇంటికి మాత్రం ఇప్పటికీ కట్టడు.

ఇక గాలి. కర్ర చుట్టూ తిరిగే క్లిప్పులు కొనకపోతే అరగంటలో జెండా చుట్టుకుపోయి కట్టెకి తడిగుడ్డ కట్టినట్టుంటుంది. ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఏరన్ పసుపు హెచ్చరిక ఇవ్వగానే లోపలికి తీసేయండి, నారింజ దాకా ఆగకండి. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫానులో గాల్వే తీరాన మేస్ హెడ్ దగ్గర గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి నమోదైన దేశమిది. మామూలు గాలికి కూడా ముందు చిరిగేది కర్రకి దూరంగా ఉన్న నారింజ అంచే. దారాలు లేవగానే చాలామంది అంత మేర కత్తిరించి మడిచి కుట్టేస్తారు. రెండుసార్లు అలా చేస్తే నారింజ పట్టీ సన్నబడి మిగతా రెండూ వెడల్పుగా కనిపిస్తాయి. మూడూ సమానంగా ఉండాలి, కొత్తది కొనుక్కోండి.

ఎప్పుడు, ఎంతసేపు

సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా. రాత్రి ఉంచితే దాని మీద వెలుతురు పడాలి. జూన్‌లో డబ్లిన్‌లో పొద్దుగూకేది రాత్రి పది కావస్తుండగా, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు దాటగానే. ఆఫీసుకెళ్లే ఇద్దరున్న ఇంట్లో చలికాలంలో జెండా పెట్టుకోవడమంటే అబద్ధమాడటమే, దించడానికి ఎవరూ ఉండరు.

నేను కట్టేది మార్చి 17 సెయింట్ పాట్రిక్స్ డే నాడు, ఈస్టర్ ఆది, సోమవారాలు, జులై 11కి దగ్గరి ఆదివారం వచ్చే జాతీయ సంస్మరణ దినం నాడు. దేశమంతటా ప్రభుత్వ భవనాలన్నిటి మీదా ఎగరేసే రోజులు అవే. ఏడాది పొడుగునా ఉంచితే పక్కింటివాళ్లకి అర్థం కాదు, గుడ్డా మిగలదు. మన బొమ్మల కొలువులా పండక్కి పెట్టెలోంచి తీసి, అయ్యాక మడిచి పెట్టేసేదే ఇక్కడి పద్ధతికి దగ్గర. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి కట్టుకోండి, ఢోకా లేదు. రగ్బీకి మాత్రం ఆకుపచ్చ జెర్సీ వేసుకుంటే చాలు, ఆ జట్టు ఉత్తర, దక్షిణాలు రెండిటికీ కలిపి ఒకటే.

ఆగస్టు 15న రెండు జెండాలూ కడతామని అడిగేవాళ్లకి: రెండు వేరు కర్రలు, ఒకటే ఎత్తు. చూసేవాళ్లకి ఎడమ పక్క ఐర్లండ్‌ది, ఇది దాని ఇల్లు కాబట్టి. మనది 2:3, వాళ్లది 1:2, అందుకని పొడవు కలవదు, 3 అడుగుల ఎత్తు కలిస్తే చాలు: మనది నాలుగున్నర, వాళ్లది ఆరు. మాది బందరు ప్రాంతం, పింగళి వెంకయ్య గారి భట్లపెనుమర్రు మాకు దగ్గరే. 1921లో బెజవాడలో ఆయన గాంధీకి చూపించిన దాంట్లో ఎరుపూ ఆకుపచ్చే ఉన్నాయట, మిగతా మతాల వాళ్లందరి కోసం తెలుపు చేర్చమన్నది గాంధీ. ఈ కథ చెబితే ఐరిష్ వాళ్లు చెవులు రిక్కించి వింటారు, మీ జెండా సంగతి వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు.

ఎవరైనా ఆటపట్టిస్తే, "మాకన్నా ఎక్కువ ఐరిష్ అయిపోయారే" అంటే, అది మెచ్చుకోలే. నవ్వి టీ పెట్టండి. "ఫెయిర్ ప్లే టు యూ" అన్నారంటే అంతకన్నా పెద్ద మాట వాళ్ల నోట రాదు. అప్పుడు మాత్రం ఈ దేశం మాకు ఎంతిచ్చిందో అని ఉపన్యాసం ఎత్తుకోకండి, పాపం ఎటు చూడాలో తెలియక ఇబ్బంది పడతారు.

పాతబడ్డ జెండాని గ్రీన్ బిన్‌లో, అంటే రీసైక్లింగ్ డబ్బాలో, వేయకండి, బట్టలు అందులో వెయ్యకూడదు. పెరట్లో కాల్చకండి, అది చట్టరీత్యా నేరం, పైగా పాలియెస్టర్ కంపు. కుట్లు విప్పి మూడు పట్టీలూ వేరు చేస్తే ఇక అది జెండా కాదు, గుడ్డ. కాస్త బాగున్న ముక్కలు ఏ పనికైనా వాడుకోవచ్చు. పీలికలైనవి బ్యాగులో కట్టి పారేయండి.